పాణిగ్రహణ మెన్నిసారులు?



గడచిన కార్తికమున ఒకనాటి సాయంకాలము భవానీపురమునందు మా వీధిలోనే నివసించు గృహస్థుడొకరు మా యింటికి వచ్చిరి. కుమార్తెకు వివాహము నిశ్చయమైన సంతోషము వారి ముఖమున కనబడుచుండెను. చేతిలో పంచాంగము లేదు. సెల్‌ఫోనులో నాలుగు పెద్ద హోటళ్ళలో హాళ్ళు ఖాళీగానున్న తేదీల పట్టిక మాత్రము ఉన్నది. "స్వామీ! మాఘమాసమున ఈ మూడు దినములే హాలు దొరకునట. వీనిలో ఒకదానికి మంచి ముహూర్తము చూచి పెట్టవలెను. ఉదయపు వెలుతురు బాగుండునని ఫొటోగ్రాఫరు చెప్పుచున్నాడు. రాత్రి ముహూర్తము మాత్రము వలదు" అనిరి.

వారు నాస్తికులు కారు. ప్రతి శనివారము స్వామి గుడికి పోవుదురు. ధనుర్మాసమున తిరుప్పావై విననిదే కాఫీ ముట్టరు. అట్టివారికే ఈ క్రమము సహజముగా తోచినదన్నచో ఇది వారొక్కరి మాట కాదు. మొదట హాలు, పిదప ఫొటోగ్రాఫరు, ఆపైన వంటవారు, చిట్టచివరకు పురోహితుడు. మా బాల్యమున ఈ వరుస తలక్రిందుగా ఉండెడిది. వధూవరుల జన్మనక్షత్రములను బట్టి తారాబలము, చంద్రబలము, లగ్నశుద్ధి చూచి ఘడియ నిర్ణయించి, ఆ ఘడియకు పందిరి వేసెడివారు. రెండు దినముల పని, కొన్ని తాటాకులు, మామిడి తోరణములు చాలును గనుక ముహూర్తము పందిరికై వేచియుండవలసిన అగత్యము లేకుండెను. నేడట్లు కాదు. మంచి లగ్నములున్న కొద్ది దినములకే ఊరంతయు హాళ్ళకై పరుగిడును. నెలల ముందే బయానా ఈయవలసి వచ్చును. గృహస్థుని ఇబ్బంది నిజమైనదే. దానిని పరిహసించుట సులభము గాని నేనా పని చేయబోను.

"ఇంత ఖర్చేల యని మీరడుగుదురని తెలియును స్వామీ! శ్రీనివాసుడు కుబేరునియొద్ద అప్పు చేసియే గదా పద్మావతీదేవిని పెండ్లాడినది!" అని వారే ముందుగా సమాధానము చెప్పుకొనిరి.

పెండ్లిపెద్దల నోట ఈ మాట నేను చాలసారులు వినియున్నాను. వేంకటాచల మాహాత్మ్యమున ఆ కథ ఉన్నమాట నిజము. బ్రహ్మరుద్రులు, అశ్వత్థవృక్షము సాక్షులుగా స్వామి ఋణపత్రము వ్రాసి యిచ్చెను. ఆ ధనముతో ఏమి చేసెనో కూడ ఆ కథయే చెప్పుచున్నది. దేవతలకు, ఋషులకు, వారి పరివారములకు అన్నము వండించెను. వండిన అన్నమును నివేదింపక వడ్డించుట యెట్లను ప్రశ్న వచ్చినది. తాను సాక్షాత్తు భగవంతుడై యుండియు, అహోబల నృసింహునకు నివేదింపుడని చెప్పి, ఆ ప్రసాదమునే పెండ్లివారికి పెట్టించెను. ఇక ఆ ఋణమునకు వడ్డీ నేటికిని మనమందరము హుండీలో వేసి తీర్చుచున్నామని మన విశ్వాసము. "అయ్యా, మీరు చేయబోవు అప్పునకు హుండీ ఎవరు నింపుదురు?" అని అడిగితిని. వారును నవ్విరి. ధనము విషయమున నేను చెప్పదగినది అంతకంటె లేదు. కలవాడు పెట్టును. లేనివానికి 2016 నుండి తిరుమలలోని కల్యాణవేదికయందు దేవస్థానమువారు పురోహితుని, మంగళవాద్యమును ఉచితముగా ఏర్పరచుచునే యున్నారు.

నా చింత వేఱొకటి. అది చెప్పవలెనన్న నా దోషమొకటి ముందుగా చెప్పుకొనవలెను.

కొన్నేండ్ల క్రిందట మా దగ్గఱి బంధువుల యింటి వివాహమునకు నేనే మంత్రము చెప్పితిని. ఒక గొప్ప హోటలు. పాణిగ్రహణ సమయమున వరుడు వధువు చేయి పట్టెను. నేను మంత్రము పూర్తి చేసితిని. అంతలో ఫొటోగ్రాఫరు "పంతులుగారూ, మరియొక్కసారి! అమ్మాయి ముఖముపై నీడ పడినది. మంత్రము చెప్పకున్నను ఫరవాలేదు, చేయి పట్టుకొన్న చాలును" అనెను. నేను ఊరకుంటిని. రెండవసారి పట్టిరి. ఎవరి బిడ్డయో అడ్డువచ్చినాడు. మూడవసారి పట్టిరి. భోజనముల వేళ వరుని తాతగారు, రైల్వేలో గుమాస్తాగా పనిచేసి విరమించిన పెద్దమనిషి, నా ప్రక్క విస్తరిలో కూర్చుండి మెల్లగా అడిగిరి: "స్వామీ, చేయి మూడుసారులు పట్టించితిరి గదా. వీనిలో పెండ్లి ఏది?"

నా నోట మాట రాలేదు. మంత్రముతో కూడినది మొదటిదే గనుక శాస్త్రరీత్యా అదియే పాణిగ్రహణమని చెప్పవచ్చును. కాని ఆల్బములో నున్నది మూడవది. ఆ దంపతుల బిడ్డలు రేపు చూడబోవునది మంత్రము లేని ఆ చేయినే. అడుగుట ఫొటోగ్రాఫరు వృత్తి. కాదనుట నా వృత్తి. అతడు తన పని చేసెను, నేను చేయలేదు.

శ్రీమద్రామాయణమున సీతాకల్యాణ ఘట్టమును స్మరింపుడు. విశ్వామిత్ర శతానందులతో కలసి వసిష్ఠ మహర్షియే వేదికను సిద్ధపఱచెను. గంధపుష్పములు, బంగారు పాలికలు, మొలకలెత్తిన కుంభములు, ధూపపాత్రలు, దేనికిని లోటు లేదు. కావున అలంకారమే దోషమనువారు వాల్మీకిని చదువనివారు. అయితే జనకుడు సర్వాభరణభూషితయగు సీతను తోడ్కొని వచ్చి ఎచట నిలిపెను? అగ్ని యెదుట, రాఘవునకు అభిముఖముగా నిలిపెను. మహర్షి చెప్పిన దిక్కులు ఈ రెండే. ఋషులు, రాజులు, పరిజనులు నిండిన సభయే అది. ఐనను సీతమ్మ సభవైపు తిరిగి నిలువలేదు.

ఆపస్తంబ గృహ్యసూత్రమునందును వరుడు వధువును మంత్రపూర్వకముగా చూడవలెనని విధి కలదు. మన తెలుగునాట అడ్డుతెర పట్టుట, సుముహూర్తమున జీలకఱ్ఱ బెల్లము శిరస్సులనుంచి తెర తొలగించుట, ఇదంతయు ఆ చూపు కొఱకే. ఆ క్షణమున ఆ యిరువురు ఒకరినొకరు చూడవలెను. నేడు తెర తొలగగనే "ఇటు చూడండి" అని కేక వినబడును. ఇరువురును యంత్రమువైపు చూచి చిఱునవ్వు నవ్వుదురు. పిదప "ఇక ఒకరినొకరు చూచుకొనుడు" అని ఫొటోగ్రాఫరే ఆజ్ఞ యిచ్చును. చూపు జరుగును గాని అప్పటికి ముహూర్తము దాటిపోవును. ఏ ఘడియ కొఱకు తల్లిదండ్రులు, దైవజ్ఞులు లెక్కలు కట్టి కట్టి వేచియుండిరో ఆ ఘడియ యంత్రమునకు నైవేద్యమైపోవును. హాలెంత వెలగలదైనను, ఆల్బమెంత బరువైనదైనను ఈ పోయినదానిని తిరిగి తేలేవు.

ఛాయాచిత్రములు లేని కాలమున పెండ్లిని చిత్రించి యుంచినవారు లేరా? మన గోదాదేవి లేదా? నాచ్చియార్ తిరుమొళిలో వారణమాయిరం అను దశకమున ఆమె తన కలను చెలికత్తెకు చెప్పుకొనుచున్నది. శ్రీవైష్ణవ వివాహములలో నేటికిని దానిని సేవింతురు. వేయి యేనుగులు చుట్టు రాగా స్వామి నడచి వచ్చుట, పూర్ణకుంభములు, తోరణములు, ఇంద్రాదులు వచ్చి పెండ్లిమాట లాడుట, ఆడుబిడ్డ యగు దుర్గమ్మ కోకకట్టి మాల వేయుట, నలుదిక్కుల తీర్థములు తెచ్చి విప్రులు కంకణము కట్టించుట, మద్దెలలు మ్రోగ శంఖములూద ముత్యాల పందిరిక్రింద మధుసూదనుడు చేయి పట్టుట, దర్భలు పఱచి సమిధలుంచి అగ్నిప్రదక్షిణము చేయుట, అన్నియు వరుసగా నున్నవి. స్వామి తన శ్రీహస్తముతో ఆమె పాదమును పట్టి సన్నికల్లుపై నుంచుట ఒక పాశురమే యైనది. అన్నలు వచ్చి అచ్యుతుని చేతిపై ఆమె చేయి నుంచి పేలాలు పోసి హోమము చేయించుట మఱియొకటి. ఒక్క క్రియయు తప్పలేదు, ఒక్కటియు రెండుసారులు జరుగలేదు.

ఇందొక విశేషము కలదు. ఆ దశకమున మాంగల్యధారణ ప్రస్తావన కనబడదు. మాంగల్యము మన ఆచారమున పరమ పవిత్రమైనది. దానిని తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. కాని నేటి హోటలు పెండ్లిలో సందడి యంతయు మూడు ముళ్ళతో ముగియుచున్నది. తరువాత అతిథులు భోజనమునకు, ఫొటోగ్రాఫరు వధూవరులతో పూలగోడయొద్దకు పోవుదురు. గోదాదేవి కలగనిన హోమము, సన్నికల్లు, లాజలు మాత్రము ఖాళీ కుర్చీల యెదుట జరుగును. సప్తపదిని పరుగు వంటి నడకతో ముగించిన పెండ్లిండ్లను నేను చూచితిని. మన ప్రభుత్వపు చట్టము కూడ ఇంతకంటె శ్రద్ధ చూపినది. 1955 నాటి హిందూ వివాహ చట్టము 7వ సెక్షను ప్రకారము సప్తపది ఆచారముగా గలవారికి ఏడవ యడుగు వేసినప్పుడే వివాహము సంపూర్ణమగును. విధిగా క్రతువు జరుగని సంబంధము కేవలము సర్టిఫికెట్టుచేత వివాహము కాజాలదని, వివాహము ఆటపాటలకు విందులకు మాత్రమైన సందర్భము కాదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వారు తీర్పున చెప్పిరి. ధర్మశాస్త్రము చెప్పవలసిన మాటను న్యాయస్థానము చెప్పవలసి వచ్చినది!

చిత్రములు తీయుటయే తగదందువా యని ఎవరైనను అడుగవచ్చును. కాదు. భద్రాచలమున శ్రీరామనవమినాడు అభిజిల్లగ్నమున జరుగు కల్యాణమును ఇండ్లలో కూర్చుండి టెలివిజనులో చూచి కన్నులు తుడుచుకొనువారిలో నేనును ఒకడను. అంతకు పూర్వము ఆకాశవాణిలో ఉషశ్రీగారి వ్యాఖ్యానము విని, చెవులతోనే ఆ పెండ్లిని చూచినవారము. ఆ కెమెరాలు ఎన్ని యున్నను లగ్నము వానికొఱకు ఆగినదా? జీలకఱ్ఱ బెల్లము మరల పెట్టుడని స్వామిని అడిగినవాడున్నాడా? దొరికినది తీసికొందురు. తిరుమలలో కల్యాణోత్సవమున కూర్చుండినవారికి సెల్‌ఫోను లోపలికి అనుమతింపరు. ఐనను ఆ సేవ చేసికొని వచ్చిన మా యింటివారు ఏ నిమిషమున ఏమి జరిగినదో పదేండ్ల తరువాతను చెప్పగలరు.

ఈ మాటలన్నియు ఆ గృహస్థునకు చెప్పితిని. ఆయన కుమార్తె తలుపుచాటున నిలిచి వినుచుండెను. లోపలికి వచ్చి "తాతగారూ, మా నాయనమ్మ తుంటి యెముక విఱిగి మంచమునుండి లేవలేకున్నది. పెండ్లికి రాలేదు. ఆమె చూచుటకైనను ఫొటోలు బాగుండవలదా?" అనెను. ఆ ప్రశ్నకు నా యొద్ద ఖండనము లేదు. "తప్పక ఉండవలెను తల్లీ. ముందు ముహూర్తము చూతము, తరువాత నేనును మీతో వత్తును" అంటిని.

ముహూర్తము ఆ మూడు దినములలో దేనియందును కుదురలేదు. నాలుగవ దినమున, అదియు తెల్లవారుజామున నాలుగు గంటల వేళ కుదిరినది. తండ్రి ముఖము చిన్నబోయినది. "అంత వేకువన ఎవరు వత్తురు స్వామీ?" "కావలసినవారు వత్తురు. తక్కినవారిని సాయంకాలము విందునకు పిలువుడు."

హోటళ్ళు చూడబోతిమి. మొదటిదానిలో హాలు దివ్యముగా నున్నది. మేనేజరు మర్యాదస్థుడు. హోమము చేయవచ్చును గాని పొగ రాకూడదనెను. వందలాదిమంది యుండు మూసిన గదిలో పొగను పసికట్టు యంత్రములుండుట క్షేమమునకే; అతని తప్పు లేదు. కాని అతడు చూపిన ఉపాయము వినుడు: హోమకుండములో ఎఱ్ఱని పట్టుగుడ్డ, క్రింద విద్యుద్దీపము, చిన్న ఫ్యాను పెట్టిన మంటవలె రెపరెపలాడునట. "ఫొటోలో భేదమే తెలియదు సార్" అనెను. నేను నోరు తెఱవకముందే అమ్మాయి "నాకు తెలియును గదండీ" అనెను. అచటినుండి లేచి వచ్చితిమి. ఇంకొకచోట బయటి వంటవారిని రానీయరు. మాంసము వండు వంటయింటిలోనే మన వంటయును చేయుదురట. స్వామికి నివేదింపలేని అన్నమును పెండ్లివారికి పెట్టుట యెట్లు? వేఱొకచోట హాలు ఉదయము ఆరు గంటలకు గాని తెఱువరు. ఇట్టి మూసిన హాలులోనే ఒకసారి పైకప్పునందలి దీపమును చూపి అరుంధతి యనిన పురోహితుని నేనెఱుగుదును. ఆయన మాత్రమేమి చేయును, నక్షత్రములున్నచోటికి ఎవరును కదలరైరి.

మా భవానీపురమునకు కృష్ణమ్మ ప్రక్కనే గదా. పున్నమి ఘాటు, పర్యాటకశాఖవారి బెర్మ్ పార్కు, ఎదుట భవానీద్వీపము. ఒడ్డున పచ్చికపై పెండ్లి చేయవలెనని ఈ కాలపు పిల్లలకు మక్కువ. తప్పు లేదు, కాని మాసము చూచుకొనవలెను. 2024 శ్రావణము చివర, సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశం బ్యారేజివద్ద పదకొండు లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము వచ్చి ద్వీపమే మునిగినది. బుడమేరు పొంగి ఊరిలో సగము నీట నుండెను. మాఘమునకు ఆ భయము లేదు. కడకు పచ్చికబయలు గల ఒక హోటలు దొరికినది. ఆకాశము క్రింద ఇటుకలు, ఇసుక పఱచి అగ్నిని ప్రతిష్ఠించుటకు, రాత్రియంతయు స్థలము మన వశముననుండుటకు, మన వంటవారు వేఱు పందిరిలో వండుటకు వారు ఒప్పుకొనిరి. మంటలార్పు ఎఱ్ఱని సిలిండరు ఒకటి ప్రక్కన నుంచుదుమనిరి. ఉండనిండు, అగ్నిదేవునకు ద్వారపాలకుడు! ఏటిగాలికి ఒకవైపు తడిక కట్టింపుడని నేనడిగితిని. ఈ ఒప్పందమంతయు బయానా ఈయకముందే కాగితముపై వ్రాయించితిమి. బయానా ఇచ్చిన తరువాత అడుగువాని మాట ఎవరు విందురు?

ఫొటోగ్రాఫర్లు ముగ్గురి ఆల్బములు చూచితిమి. మొదటివాని చిత్రములు సినిమావలె నున్నవి. పుట లన్నియు త్రిప్పితిని, ఎచటను అగ్ని కనబడలేదు. పురోహితుని భుజము మాత్రము ఒకచోట సగము కనబడినది. రెండవవాడు డ్రోను తప్పదనెను. డ్రోను గాలికి హోమాగ్నినుండి రవ్వలెగసి పట్టుచీరపై బడుట నేను కన్నులార చూచియున్నాను గనుక నమస్కరించితిని. మూడవవాడు చిన్నవాడు. అతని ఆల్బములో లాజలు వధువు వ్రేళ్ళ సందునుండి జాఱుట, పందిరిమూల నిద్రించు పసిబిడ్డ, వడ్డించువారి చేతులు కనబడినవి. అతడే ముందుగా "స్వామీ, ఏ క్రియ తరువాత ఏది వచ్చునో వ్రాసి యిత్తురా? ముందే తగినచోట నిలుచుందును" అని అడిగెను. గోదాదేవి కలలోని వరుసకు మన ఆచారములను చేర్చి ఒక కాగితముపై వ్రాసి యిచ్చితిని. పాదరక్షలతో వేదిక నెక్కరాదు, అగ్నికిని వధూవరులకును నడుమ నిలువరాదు, "మరల" అను మాట అనరాదు. మూడును అంగీకరించెను. తెల్లవారుజామున చీకటి గదా యంటిని. నూనెదీపములు ఎక్కువగా పెట్టింపుడు చాలునని, దూరమునుండి తీయగల లెన్సులు తనయొద్ద నున్నవని చెప్పెను.

మాఘమున వివాహము జరిగినది. మంత్రము చెప్పినది వారి ఇంటి పురోహితులే. నేను ఒక ప్రక్క కూర్చుంటిని. వేకువన వచ్చినవారు నూటయేబదిమందికి లోపే, కాని ఒక్కరును సప్తపది ముగియువఱకు లేవలేదు. తెర తొలగినప్పుడు ఎవరును కేక వేయలేదు. ఏటిగాలి చప్పుడు వినబడినది. ఆ యిరువురు ఒకరినొకరు చూచిరి. హోమమైన పిదప పురోహితులు ఉత్తరముగా తిప్పి సప్తర్షి మండలమును, అందు వసిష్ఠుని ప్రక్క సన్నని అరుంధతిని చూపిరి. పెండ్లికుమారుడు కనబడలేదనియు, పెండ్లికూతురు కనబడినదనియు చెప్పిరి.

పదునైదు దినములకు ఆల్బము వచ్చినది. నన్నును పిలిచిరి. నాయనమ్మగారి మంచముప్రక్క కూర్చుండి అమ్మాయి పుటలు త్రిప్పి చూపుచుండెను. లాజహోమపు పుట వచ్చినది. పొగ దట్టముగా క్రమ్మి వధూవరుల ముఖములు సగము మఱుగుపడినవి. అమ్మాయి కొంచెము నొచ్చుకొని "ఇదొక్కటి సరిగా రాలేదు నాయనమ్మా, పొగ అడ్డు వచ్చినది" అనెను.

ముసలమ్మ కళ్ళజోడు సరిచేసికొని చాలసేపు చూచెను. "పొగ ఇంత లేచినదా? అయితే నేయి బాగుగా పోసినారు" అని, ఆ పుటను త్రిప్పనీయక చేయి అడ్డము పెట్టెను.